కాప్టిక్ బట్టల మీది బొమ్మలు కుట్టినవి కావు, నేసినవి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఈజిప్టు కాప్టిక్ వస్త్రాల మీద వచ్చిన వ్యాసం చదివాం. తెలుగులో ఈ విషయం మీద రాసేవారే అరుదు కాబట్టి సంతోషించాం. కానీ వ్యాసంలో మూడుచోట్ల 'ఎంబ్రాయిడరీ' అన్నారు. ఫొటో కింద 'మమ్మీకి చుట్టిన కుట్టుపని బట్ట' అని వేశారు. ఈ రెండూ తప్పే. మగ్గం చప్పుడు తెలిసిన ఊళ్లు ఇన్ని ఉన్న మన ప్రాంతంలో నేతను కుట్టు అని రాస్తే, ఆ బట్టలో అసలు పనితనం ఎక్కడుందో పాఠకుడికి చేరదు. అందుకని వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పొడుగైనందుకు మన్నించండి.

ముందు మమ్మీ సంగతి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూసినవారు చాలామంది ఉంటారు. అలాంటి శవాలకు చుట్టేది సాదా లినెన్, అంటే అవిసె నార బట్ట, పట్టీలు. కాప్టిక్ బట్టలు ఆ ఆచారం సన్నగిల్లిన తరువాతివి. సుమారు మూడో, నాలుగో శతాబ్దాల నుంచి ఈజిప్టులో చనిపోయినవారిని, బతికున్నప్పుడు తొడిగిన అంగీలతోనే, శాలువాలతోనే పూడ్చేవారు. కొన్నిచోట్ల ఇంట్లో వేలాడదీసిన తెరలు కూడా చుట్టి పూడ్చారు. నైలు వరద నీరు ఎక్కని ఎడారి అంచున, వాన ఎరగని ఇసుకలో పెట్టినందువల్ల అవి నిలిచాయి. కాబట్టి ఇవి మనుషులు ఒంటిమీద వేసుకుని తిరిగిన బట్టలు. మోచేతి దగ్గర అరుగుదల, చిరిగితే వేసిన మాటు, పొడుగు తగ్గించడానికి నడుము దగ్గర పెట్టిన మడత, అన్నీ వాటి మీద కనిపిస్తాయి.

'కాప్టిక్' అన్న పేరు చూసి ఇవన్నీ క్రైస్తవ బట్టలని అనుకోకూడదు. ఈజిప్టువాడు అనే అర్థంలో గ్రీకులు వాడిన 'ఐగుప్తియోస్' మాట అరబ్బుల నోట 'కిబ్త్' అయింది, అక్కడి నుంచి 'కాప్ట్' వచ్చింది. మూడో శతాబ్దం నుంచి పన్నెండో శతాబ్దం దాకా, అంటే రోమన్ పాలన, బైజాంటియన్ పాలన, ఆపైన అరబ్బుల పాలనలో అక్కడ నేసిన బట్టలన్నిటికీ పందొమ్మిదో శతాబ్దపు పండితులు ఈ ఒక్క పేరు తగిలించారు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న 'సబీనా శాలువా' ఈజిప్టులోని పాత నగరం ఆంటినోయె సమాధుల్లో దొరికింది. దాని మీద గ్రీకు దేవుడు అపోలో నుంచి పారిపోతున్న వనకన్య డాఫ్నే ఉంది, గ్రీకు వీరుడు బెల్లెరోఫోన్ ఉన్నాడు. అమెరికాలో క్లీవ్‌లాండ్ మ్యూజియంలోని ఆరో శతాబ్దపు ఉన్ని తెర మీద మేరీమాత కొలువై ఉంది. అది 178 సెంటీమీటర్ల ఎత్తు, 110 సెంటీమీటర్ల వెడల్పు. బొమ్మలు వేరు, నమ్మకాలు వేరు, నేసిన పద్ధతి ఒక్కటే.

ఇక ఆ పద్ధతి. అంగీ నేల, అంటే బొమ్మ లేని సాదా భాగం, లినెన్ నూలు. బొమ్మ రంగు ఉన్ని. ఇలా రెండు రకాల నూలు ఎందుకంటే, నార రంగును సరిగా పట్టదు. నీలిమందు ఒక్కటే దాని మీద కాస్త బాగా నిలుస్తుంది. ఎరుపు, పసుపు, ఊదా రంగులకు ఉన్ని కావాలి. అందుకని రంగు వేయని తెల్ల నారతో బట్ట నేస్తూ, బొమ్మ రావలసిన చోట నార పేకను (అడ్డంగా నేసే పోగును) ఆపి, అదే పడుగు (మగ్గానికి ముందే బిగించిన పోగులు) మీద రంగు ఉన్ని పేకను నడిపించారు. బట్టా బొమ్మా ఒకే మగ్గం మీద, ఒకే పడుగు మీద, ఒకేసారి పెరుగుతాయి. ఇక్కడ సూదికి పనిలేదు.

చెప్పినంత సులువు కాదిది. సాదా నేతలో పడుగూ పేకా రెండూ కనిపిస్తాయి. బొమ్మలో మాత్రం పడుగు పూర్తిగా దాగాలి, పేక మాత్రమే పైకి కనిపించాలి. లినెన్ పడుగు సెంటీమీటరుకు 16 పోగులు ఉందనుకుందాం. వాటి మధ్య ఉన్ని పేకను ఎంత కొట్టినా కిందికి దిగదు, ఎందుకంటే పోగుల మధ్య చోటు చాలదు. అందుకని బొమ్మ మొదలయ్యే చోట పడుగు పోగుల్ని రెండేసి, మూడేసి జతచేస్తారు. పదహారు పోగులు ఎనిమిది జతలవుతాయి, సందు పెరుగుతుంది, ఉన్ని కిందికి దిగి పడుగును కప్పేస్తుంది. బొమ్మ పూర్తయ్యాక జతలు విప్పి మళ్లీ ఒంటి పోగులుగా నేస్తారు. కొన్ని ముక్కల్లో ఈ మార్పు జరిగే గీత దగ్గర పక్కపక్క పోగుల్ని ఒకదాని మీదుగా ఒకటి దాటించారు. కొన్ని నార పోగుల్ని బొమ్మ భాగంలో అసలు నేయకుండా వెనక వేలాడేలా వదిలేయడం కూడా ఉంది. వీటిలో ఏది చేశారో బట్ట వెనక చూస్తే తెలిసిపోతుంది.

మన నేతగాళ్లకు దీనికి దగ్గరి పనులు బాగా తెలుసు. వరంగల్ జంపఖానాలో పేక పడుగును కప్పేస్తుంది, రంగు మారిన చోట పేక అక్కడే వెనక్కి మలుగుతుంది, పంజాతో, అంటే పళ్లున్న ఇనుప దువ్వెనతో, కొట్టి దింపుతారు. అది కాప్టిక్ నేతకు సొంత చుట్టం. గద్వాల కుప్పడం చీరలో అంచు పేకా మధ్య భాగం పేకా ఒకదాన్నొకటి మెలివేసుకుంటాయి. రెండు రంగులు కలిసే చోట ఏం చేయాలన్న చిక్కు అక్కడా ఇదే. ఉప్పాడ జాందానీ మాత్రం వేరు. అందులో బొమ్మ పేక అదనంగా వస్తుంది, కింద నేల పేక ఆగకుండా నడుస్తుంది. మీ వ్యాసంలో 'జాందానీ లాంటిది' అన్న వాక్యం 'జంపఖానా లాంటిది' అని ఉండాల్సింది.

రంగులు కలిసే చోటి చిక్కు ఇది. రెండు రంగుల పేకలు పక్కపక్క పడుగు జతల మీద మలిగి వెనక్కి పోతే మధ్యలో చీలిక మిగులుతుంది. చీలిక సెంటీమీటరు లోపు ఉంటే ఫరవాలేదు, నీడగీతలా అందంగా కూడా ఉంటుంది. అంతకన్నా పొడవైతే బట్ట అక్కడ నోరు తెరుస్తుంది. ఈజిప్టు నేతగాళ్లు పొడవైన నిలువు హద్దుల దగ్గర రెండు పేకల్నీ ఒకే పడుగు పోగు చుట్టూ వంతులవారీగా తిప్పారు, లేదా నేశాక వెనక నుంచి కుట్టారు. మరో ఉపాయం, అసలు నిలువు హద్దే రాకుండా బొమ్మను పడుకోబెట్టి నేయడం. దాని గురించి కింద చెబుతాం.

గుండ్రని బుగ్గ, ఆకు వంపు, గుర్రం మెడ ఎలా వచ్చాయో గమనించండి. పేక ఎప్పుడూ పడుగుకు అడ్డంగా, లంబ కోణంలో పోవాలన్న నియమాన్ని వాళ్లు పాటించలేదు. ఆకారం వంపు తిరిగిన చోట పేకను కూడా వంపుగా కొట్టి దింపారు. దీనికి చేయి కుదరాలి. వంపు మీద వంపు వేస్తూ పోతే ఒకచోట పడుగు వదులై మరోచోట బిగుసుకుంటుంది, మగ్గం నుంచి తీసేసరికి బట్ట బుడగలా ఉబ్బుతుంది. గుండ్రటి బొమ్మల చుట్టూ లినెన్ ముడతపడిన ముక్కలు చాలా మ్యూజియాల్లో ఉన్నాయి. అన్నీ సమాధిలో పాడైనవే కావు, కొన్ని మగ్గం మీదే అలా వచ్చాయి.

మీ రచయిత పొరబడింది ఎక్కడో మాకు అర్థమైంది. ముదురు ఊదా ఉన్ని మీద వెంట్రుక లాంటి తెల్ల నార గీతలతో కన్ను, ముక్కు, వేళ్లు, ద్రాక్షతీగ నులివంపులు గీసినట్టుంటాయి. చూడగానే సూదిపనే అనిపిస్తుంది. నిజానికి అది కూడా నేతలో భాగమే. సన్నని నార పోగును వేరే చిన్న కండెకు చుట్టి పెట్టుకుంటారు. ఉన్ని పేక కొన్ని వరసలు పోగానే ఆ కండెతో ఒకటో రెండో పడుగు జతలకు ఒక చుట్టు చుట్టి, పేక మీదుగా ఏటవాలుగా దాటించి, తరువాత కావలసిన చోట మళ్లీ చుడతారు. ఆపైన వచ్చే ఉన్ని పేక ఆ చుట్టును నొక్కి బిగిస్తుంది. ఫ్రెంచి వాళ్లు దీన్ని 'ఎగిరే నాడె' అన్నారు (నాడె అంటే పేక దారాన్ని అటూ ఇటూ మోసే పనిముట్టు). ఆ మాట వల్ల మరో గందరగోళం పుట్టింది. 1733లో ఇంగ్లండులో జాన్ కే తయారుచేసిన తాడు లాగుడు నాడెకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

కుట్టునూ నేతనూ వేరుచేయడానికి భూతద్దం చాలు. కుట్టు కింద అసలు బట్ట ఒకటి ఉంటుంది. దారం ఊడిపోతే ఆ బట్టా సూది రంధ్రాలూ మిగులుతాయి. నేసిన బొమ్మలో ఉన్ని రాలిపోతే కింద బట్టేమీ ఉండదు, ఉత్త పడుగు పోగులు జాలీలా మిగులుతాయి. సూది కొన్నిసార్లు పోగును చీల్చుకుని పోతుంది. పేక ఎప్పుడూ పోగును చీల్చదు, చుట్టూ తిరుగుతుంది. ముక్క చుట్టూ కుట్టు కనిపించినంత మాత్రాన కంగారుపడకూడదు. పాత అంగీ చిరిగితే మంచి బొమ్మను కత్తిరించి కొత్త అంగీకి అతికి కుట్టుకోవడం అప్పట్లో ఉన్నదే. ఈజిప్టులో ఎంబ్రాయిడరీ అసలే లేదని మేం అనడం లేదు. లినెన్ మీద పట్టుదారంతో కుట్టిన క్రైస్తవ కథల బిళ్లలు, అంటే అంగీ మీది బొమ్మ ముక్కలు, కొన్ని ఉన్నాయి. మొత్తంలో వాటి వంతు చిన్నది.

బొమ్మను పడుకోబెట్టి నేయడం అన్నాం కదా. ఈ బట్టల్లో మాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది అంగీ నేసిన తీరు. థాను నేసి తరువాత కత్తిరించడం కాదు, అంగీ ఆకారమే మగ్గం మీద వస్తుంది. ఒక చేతి అంచుతో నేత మొదలవుతుంది. అప్పుడు పడుగు మధ్య భాగం మీద మాత్రమే పేక నడుస్తుంది. చేయి పూర్తి కాగానే రెండు వైపులా మిగిలిన పడుగును కలుపుకుని ఒంటి భాగం నేస్తారు. ఒంటి భాగం అయ్యాక మళ్లీ మధ్యకు కుదించి రెండో చేయి నేస్తారు. మగ్గం మీద ఇది పెద్ద శిలువ ఆకారంలా ఉంటుంది. మెడ కోసం కత్తెర పెట్టరు. మధ్యలో పేక రెండుగా విడిపోయి మలుగుతుంది, పైన చెప్పిన చీలికే ఇక్కడ కొలత ప్రకారం పొడుగ్గా వచ్చి మెడ అవుతుంది. నేశాక భుజాల దగ్గర మడిచి, రెండు పక్కలూ చేతుల కిందా కుడితే అంగీ సిద్ధం. ముందు వైపూ వెనక వైపూ కలిపి ఒకే ముక్క కాబట్టి పెద్దవాళ్ల అంగీకి పడుగు వెడల్పు రెండున్నర మీటర్ల దాకా కావాలి. అంత వెడల్పు ఒక్కరి చేతికి అందేది కాదు. కొన్నిటిని మూడు ముక్కలుగా నేసి కలపడమూ ఉంది.

దీని ఫలితం చూడండి. తొడుక్కున్నప్పుడు పడుగు అడ్డంగా ఉంటుంది, పేక నిలువుగా ఉంటుంది. భుజం నుంచి కిందికి దిగే రెండు పొడవైన పట్టీలు మగ్గం మీద పేక దారిలోనే పోతాయి. అందువల్ల వాటి అంచుల్లో ఒక్క చీలికా రాదు. నిలబడ్డ మనిషి బొమ్మను నేతగాడు పక్కకు పడుకోబెట్టి నేశాడు. కాళ్లు, స్తంభాలు, ఈటె వంటి నిలువు గీతలన్నీ పేక వెంట నున్నగా వచ్చాయి. నేసేటప్పుడు ఆ ముఖం అతనికి తిన్నగా కనిపించదు. అడ్డంగా ఉన్న ముఖాన్ని మనసులో నిలబెట్టుకుంటూ కన్నూ ముక్కూ పెట్టాడు.

ఈ పద్ధతి చేసి చూడదలచిన చేనేత విద్యార్థుల కోసం ఒక నమూనా లెక్క. నాలుగు హీల్డుల (పడుగు పోగుల్ని పైకెత్తే చట్రాల) మగ్గం మీద పోగుల్ని వరసగా 1, 2, 3, 4 ఎక్కించండి. 1, 3 ఒకసారి, 2, 4 ఒకసారి ఎత్తితే సాదా నేత వస్తుంది. 1, 2 ఒకసారి, 3, 4 ఒకసారి ఎత్తితే అదే పడుగు జతలుగా లేస్తుంది. అంటే పోగుల్ని చేత్తో ఏరుకునే పని తప్పుతుంది. సెంటీమీటరుకు 16 పోగుల లినెన్ పడుగు, 10 సెంటీమీటర్ల చదరం, సన్న ఉన్నితో సెంటీమీటరుకు 40 పేకలు అనుకుంటే మొత్తం 400 పేకలు. పడుగు మీదుగా వంగిపోయే పొడవు కలిపి ఒక్కో పేకకు 12 సెంటీమీటర్లు వేసుకుంటే 48 మీటర్ల ఉన్ని. రంగులు మార్చే చోట్ల వృథా కలిపి 55 మీటర్లు దగ్గర పెట్టుకోండి.

పేకను ఎప్పుడూ తిన్నగా లాగకూడదు. విల్లులా వంచి పెట్టి, ఆపైన కొట్టాలి. లాగి నేస్తే చదరం లోపలికి కుంచించుకుపోతుంది, రెండు పక్కలా లినెన్ ముడతపడుతుంది. కొత్తవాళ్లు పాడుచేసేది ఎక్కువగా ఇక్కడే. పడుగు తెల్లటి చుక్కల్లా బయటికి కనిపిస్తుంటే ఉన్ని లావైనా అయ్యుండాలి, జతలు మరీ దగ్గరైనా అయ్యుండాలి. మూడేసి జతచేసి చూడండి. బొమ్మ భాగాన్నీ పక్కనున్న సాదా భాగాన్నీ సమానంగా పెంచుకుంటూ పోవాలి. ఒక భాగం రెండు సెంటీమీటర్లు ముందుకు పోతే రెండో భాగానికి పేక వేయడానికి సందు దొరకదు.

రంగుల దగ్గర మనకు నిజమైన చుట్టరికం ఉంది. 'రాచ ఊదా' అని వ్యాసంలో రాశారు. సముద్రపు నత్త నుంచి తీసే అసలు ఊదా చాలా ఖరీదు, ఈ బట్టల్లో అది అరుదు. ఎక్కువ వాటిలో ఉన్నది నీలిమందు మీద మంజిష్ఠ జాతి వేరు రంగు వేసి తెచ్చిన ఊదా. ఈజిప్టులో దొరికిన స్టాక్‌హోమ్ పాపిరస్ అనే గ్రీకు చేతిరాతలో ఇలా నకిలీ ఊదా తయారుచేసే విధానాలు చాలా ఉన్నాయి. అక్కడి వేరులో ముఖ్యమైన ఎరుపు ద్రవ్యం అలిజరిన్. మన కలంకారీ వాళ్లు వాడిన చిరువేరులోనూ అదే ఉంది. మన మంజిష్ఠలో అది తక్కువ, వేరే ఎరుపు ద్రవ్యాలు ఎక్కువ. కాబట్టి ఆ రంగు దగ్గరగా రావాలంటే చిరువేరే మేలు. ఉన్ని బరువులో 15 శాతం పటిక పట్టించి, వేరు నీళ్లు 70 డిగ్రీలు దాటకుండా కాచాలి. మరగనిస్తే గోధుమ రంగు దిగి ఎరుపు మురికి పడుతుంది.

మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఈజిప్టు అద్దకం గురించి ఒక వింత రాశాడు. బట్ట మీద రంగు పట్టే మందులు ముందుగా పూస్తారట, అప్పుడు ఏమీ కనిపించదట. ఒకే రంగు కాగుతున్న గాబులో ముంచి తీస్తే బట్ట మీద రకరకాల రంగులు తేలుతాయట. మచిలీపట్నం అద్దకం పని చూసినవారికి ఇందులో వింతేమీ లేదు. పటిక పూసిన చోట ఎరుపు, ఇనుప నీరు పూసిన చోట నలుపు, ఒకే వేరు నీళ్లలో తేలే సంగతి వాళ్లకు రోజూ కళ్లముందే ఉంటుంది. దీన్నిబట్టి ఎవరు ఎవరి దగ్గర నేర్చారో తేల్చలేం, ఆ జోలికి పోవద్దని మనవి. ఖాయంగా చెప్పగలిగేది ఒకటుంది. ఈజిప్టు నుంచి వచ్చిన గ్రీకు నావికుడు మొదటి శతాబ్దంలో రాసిన ఎర్రసముద్ర యాత్రా గ్రంథంలో మసాలియా తీరాన సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని ఉంది. మసాలియా అంటే మన కృష్ణా తీరమని పండితుల మాట. ఎర్రసముద్రపు రేవు బెరెనికేలో భారతదేశపు నూలుబట్ట ముక్కలు దొరికాయి. వాటిని గుర్తుపట్టింది పురి దిశను బట్టి. ఈజిప్టు నార పోగు పురి ఇంగ్లీషు ఎస్ అక్షరం నడిమి గీతలా వాలి ఉంటుంది, ఎందుకంటే తడిపిన అవిసె నార సహజంగానే అటు మెలిపడుతుంది. మన పత్తి పోగు పురి జెడ్ అక్షరం గీతలా వాలుతుంది.

ఈ బట్టలు ఇంత ముక్కలుముక్కలుగా ఎందుకున్నాయో కూడా వ్యాసం చెప్పలేదు. 'కాలం చేసిన గాయం' అని ఒక మాటతో దాటేసింది. ఆ గాయం చేసింది కత్తెర. 1880లలో ఈజిప్టులోని అఖ్మీమ్ ఊరి సమాధులు బయటపడ్డాక, 1896 నుంచి ఫ్రెంచి పురావస్తు పరిశోధకుడు ఆల్బర్ గయే ఆంటినోయెలో తవ్వాక, యూరప్‌లో ఈ బట్టలకు గిరాకీ పెరిగింది. వ్యాపారులు రంగు బొమ్మల్ని కత్తిరించి, చుట్టూ ఉన్న సాదా లినెన్‌ను చెత్త అని పారేశారు. ఒకే అంగీ భుజం బిళ్ల ఒక దేశంలో, మోకాలి బిళ్ల మరో దేశంలో తేలాయి. కొన్నిటిని అట్టకు జిగురుతో అంటించారు, ఇప్పుడు వెనక చూసే వీలే లేదు. లినెన్‌తో పాటు పోయినవి చాలా ఉన్నాయి. పేక మలిగిన అసలు అంచు పోతే మగ్గం వెడల్పు తెలియదు. పడుగు జతచేసిన గీత పోతే నేత ఎక్కడ మొదలైందో తెలియదు. సమాధి వివరం లేకపోతే కాలం తెలియదు. చాలాకాలం బొమ్మ శైలిని బట్టే తేదీలు వేశారు. పోగులోని కార్బన్‌ను కొలిచి వయసు లెక్కగట్టే రేడియోకార్బన్ పరీక్ష వచ్చాక వాటిలో చాలా తేదీలు మారాయి.

కాలం చేసిన నష్టం కూడా లేకపోలేదు. ముదురు గోధుమ, నలుపు ఉన్ని ముందుగా పొడి అవుతుంది. ఇనుము కలిసిన రంగు ఆ ఉన్నిని లోపల్నుంచి తినేస్తుంది. అందుకే చాలా బొమ్మల్లో కళ్లు, కనుబొమ్మలు, హద్దు గీతలు రాలిపోయి పడుగు బయటపడి ఉంటుంది. ఇలాంటి పాత ముక్క ఎవరి చేతికైనా వస్తే దయచేసి ఉతకవద్దు. ఉతికితే ఆ నల్ల ఉన్ని నీళ్లలో కొట్టుకుపోతుంది, మురికితో పాటు పరీక్షకు పనికొచ్చే ఆనవాళ్లూ పోతాయి. మడవకుండా, ఆమ్లం లేని కాగితం మీద, వెలుతురు తగలకుండా పరిచి ఉంచాలి.

మీరు సవరణ వేస్తారని ఆశిస్తున్నాం. 'ఎంబ్రాయిడరీ' బదులు 'నేసిన బొమ్మ' అంటే చాలు, తెలుగులో అందరికీ అర్థమవుతుంది. ఫొటో కింద పడుగు లినెన్, పేక ఉన్ని అని వేయండి, పడుగు ఎటు పోతోందో బాణం గుర్తుతో చూపండి. ఆ బాణం మీరు వేసిన ఫొటోలోనే ఉంది. రౌతు బొమ్మ కుడి పక్కన, గుర్రం డెక్క పైన, నల్ల ఉన్ని రాలిపోయిన చోట తెల్ల పోగులు కొన్ని అడ్డంగా బయటపడ్డాయి. అవే పడుగు పోగులు. వాటి కింద బట్ట లేదు. ఫొటో మళ్లీ వేసేటప్పుడు ఆ మూలను పెద్దదిగా వేయండి.

ఇట్లు,
నేతపని తెలిసిన మీ పాఠకులు